పుట్టింటి నుంచి మెట్టినింటికి డెబ్భై మైళ్ళు

మన పత్రికలో యాత్రా వ్యాసమంటే సభ్యులు సాధారణంగా స్విట్జర్లాండు మంచుకొండల గురించో, రోము నగరపు శిథిలాల గురించో రాస్తూ వుంటారు. మేము చేసిన యాత్ర మొత్తం డెబ్భై మైళ్ళు. బర్మింగ్‌హాం నగరానికి నైరుతి మూలనున్న లాంగ్‌బ్రిడ్జి నుంచి ఆక్స్‌ఫర్డును ఆనుకుని వున్న కౌలీ దాకా. మోటార్‌వే ఎక్కితే గంటన్నరలో తేలిపోయే ఈ దూరానికి మాకు భోజనంతో కలిపి అయిదు గంటలు పట్టింది. వాహనం 1968 లో తయారైన మోరిస్ మైనరు. దాని ఇంజనుకు పుట్టిల్లు లాంగ్‌బ్రిడ్జి, మెట్టినిల్లు కౌలీ. ఆ ఇంజనును బాగుచేసుకుని వాడాలా, లేక ఊడదీసి ఇంకొకటి పెట్టాలా అన్న తగువు మా ఇంట్లో ఆరు నెలలు నడిచింది. ఆ తగువు తెమలడానికే ఈ ప్రయాణం పెట్టుకున్నాము.

కారు నిజానికి బాబాయి గారిది. బంధుత్వం లేదు గాని, ఈ ప్రాంతపు తెలుగువాళ్ళందరికీ ఆయన బాబాయి గారే. గుంటూరులో వైద్యం చదివి 1966 లో ఈ దేశం వచ్చారు. 1970 లో ఈ కారును సెకండ్ హాండులో కొన్నారు. రాత్రి డ్యూటీలకూ, పిల్లల్ని బడిలో దింపడానికీ, పండుగ వస్తే ముప్ఫయి మైళ్ళు వెళ్ళి కరివేపాకు తెచ్చుకోవడానికీ ఇదే కారు. మోకాళ్ళ ఆపరేషన్ల తరువాత క్లచ్చి తొక్కడం కష్టమై తాళాలు మా చేతిలో పెట్టారు. అప్పటికి కారు స్థితి, మన వైపు మెకానిక్కుల భాషలో చెప్పాలంటే, పికప్పు బొత్తిగా లేదు, వేడెక్కితే మిస్సింగు, గుట్ట కనబడితే గుండె దడ.

మా అబ్బాయి ఇంజనీరింగు చదివినవాడు. వాడి ఉపాయం సులువు. "ఈ ఇంజను తీసేసి ఫోర్డు జీటెక్ ఇంజనూ, అయిదు గేర్ల బాక్సూ పెట్టేద్దాం. శక్తి రెట్టింపు దాటుతుంది" అన్నాడు. పాత కార్ల సరదా వున్నవాళ్ళు చాలామంది చేస్తున్న పనే గనుక మేము వెంటనే కాదనలేకపోయాము. బాబాయి గారినడిగితే "నడవని కారు నాకెందుకు, మీ ఇష్టం" అన్నారు. కాసేపాగి, "ఎన్నాళ్ళు పడుతుందిరా అబ్బాయ్?" అని అడిగారు.

"రెండు చలికాలాలు, తాతగారూ. చేసేది శని ఆదివారాలే గదా."

"కౌలీ ఒకసారి చూద్దామనుకున్నాను. నాకిప్పుడు ఎనభై ఎనిమిది" అని నవ్వి ఊరుకున్నారు.

ఆ నవ్వుతో మా లెక్క మారిపోయింది. రెండు చలికాలాలు ఆగే వీలు మాకు లేదు, అంత డబ్బూ లేదు. వున్న ఇంజనులో ప్రాణం ఎంత వుందో ముందు తేల్చుకుందామన్నాము. "గుండె మార్చే ముందు రక్తపోటు చూస్తారు గదరా" అని బాబాయి గారు కూడా మాకే వత్తాసు పలికారు.

ఇంజనుకు రక్తపోటు చూడటమంటే కంప్రెషను చూడటమే. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కొక్క రంధ్రంలో గేజి పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి స్టార్టరు తిప్పాలి. అంకె ఎంతన్నది ముఖ్యమే గాని, నాలుగింటికీ మధ్య తేడా ఎంతన్నది అంతకంటే ముఖ్యం. మాకు నాలుగూ 150 పౌండ్ల అటూ ఇటూగా వచ్చాయి, ఒకదానికీ ఇంకొకదానికీ పది పౌండ్లకు మించి తేడా లేదు. ఏదైనా సిలిండరు బాగా తక్కువ చూపితే అందులో చెమ్చాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ చూడాలి. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వు కూర్చోవటం లేదన్నట్టు. ఈ పరీక్ష చేయకుండా కొత్త కార్బ్యురేటర్ల మీద డబ్బు పోసేవాళ్ళను చూస్తే మాకు జాలి. ఇంజను బోరుకొచ్చి వుంటే పైన ఎన్ని నగలు పెట్టినా ఒకటే.

బోరుకు రాలేదని తేలాక టాపెట్ల పని పట్టాము. ఈ ఇంజనుకు చల్లగా వున్నప్పుడు అంగుళంలో వెయ్యికి పన్నెండు వంతుల సందు వుండాలి. ఎనిమిది వాల్వులు గనుక తొమ్మిది లెక్క ఒకటి వుంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సరిచేయాలి, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది. ఏ రెండు కలిపినా తొమ్మిదే. ఈ లెక్క బాబాయి గారు కుర్చీలో కూర్చుని కేకవేసి చెప్తుంటే మేము ఫీలర్ గేజితో సరిచేశాము. యాభై ఏళ్ళ క్రితం ఆయన ఇదే పని వీధిదీపం కింద చేసుకునేవారట.

తరువాత డిస్ట్రిబ్యూటరు. పాయింట్ల మూతులు గుంటలు పడి వున్నాయి. కొత్త పాయింట్లు, కండెన్సరు, మూత, తీగలు, ప్లగ్గులు వేశాము. పాయింట్ల సందు పదిహేను, ప్లగ్గుల సందు ఇరవై అయిదు, రెండూ వెయ్యోవంతుల్లోనే. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టుకోవచ్చు గాని, మైనరుకు బ్యాటరీ పాజిటివ్ ధ్రువం బాడీకి కలిపి వుంటుంది. దానికి తగిన పెట్టెనే అడిగి కొనాలి. ఈ మాట తెలియక కొత్త పెట్టె కాల్చుకున్న మిత్రులున్నారు.

మిగిలింది ఎస్.యు. కార్బ్యురేటరు. ఇది అద్భుతమైన వస్తువని మా అభిప్రాయం. లోపల ఒక పిస్టను, దానికి వేలాడే సూది, సూది కింద జెట్టు. ఇంజను ఎంత గాలి పీలిస్తే పిస్టను అంత లేస్తుంది, సన్నబడుతూ పోయే ఆ సూది అంత పెట్రోలు వదులుతుంది. సూదీ జెట్టూ ఒకదానితో ఒకటి రాసుకుని అరిగితే పెట్రోలు ఎక్కువ పోతుంది, పికప్పు పోతుంది. మాది అదే జబ్బు. రిపేరు సామాను కొని రెండూ మార్చాము. మిశ్రమం సరిపోయిందో లేదో చూడటానికి గాజు ప్లగ్గొకటి వుంది. మామూలు ప్లగ్గు స్థానంలో దాన్ని బిగించి ఇంజను నడిపితే లోపలి మంట కనబడుతుంది. పసుపు మంటయితే పెట్రోలు ఎక్కువ, గ్యాసు పొయ్యిలా నీలి మంటయితే సరి. నీలిరంగు కనబడగానే మా అబ్బాయి వంగి అయిదు నిమిషాలు చూస్తూ ఉండిపోయాడు.

అయిదారు శనివారాలు పట్టింది. ఖర్చు రెండు వందల పౌన్లు దాటలేదు. పెట్రోలు గొట్టాలు మార్చడం కూడా అందులోనిదే. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు, పాత రబ్బరుకు అది పడదు. మేము అయిదు శాతం మించని సూపర్ రకం పోయిస్తున్నాము. సీసం కలిపిన పెట్రోలు 1999 చివరికే పోయింది గనుక, వాల్వుల పీటలు అరగకుండా ట్యాంకులో సీసా మందు కూడా పోస్తాము. గట్టి పీటలు వేయించిన హెడ్డుకు ఖర్చు వందల్లోకి వెళ్తుంది. హెడ్డు విప్పే అవసరం ఎప్పుడొస్తే అప్పుడే ఆ పని.

ఇక ప్రయాణం. మే నెలలో ఒక ఆదివారం పొద్దున బాబాయి గారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, పులిహోర డబ్బా, ఫ్లాస్కూ సర్దుకుని లాంగ్‌బ్రిడ్జి చేరాము. హెర్బర్ట్ ఆస్టిన్ 1905 లో ఇక్కడ మూతపడిన ఒక ముద్రణాలయాన్ని తీసుకుని కార్లు మొదలుపెట్టాడు. నూరేళ్ళ తరువాత, 2005 ఏప్రిల్‌లో, ఎమ్.జి. రోవరు దివాలాతో అంతా ఆగిపోయింది. ఇప్పుడక్కడ పెద్ద అంగళ్ళు, ఒక కళాశాల, ఇళ్ళు వచ్చాయి. ఆస్టిన్ పేరిట ఒక పార్కు వుంది, అందులో నుంచి రే అనే చిన్న ఏరు పారుతుంది. పిల్లలు బాతులకు గింజలు వేస్తున్నారు. మా కారు బానెట్టు కింద వున్న ఏ-సిరీస్ ఇంజను ఈ ఆస్టిన్ కంపెనీ సంతానం. 1951 లో ఆస్టిన్ ఏ-30 కోసం 803 సి.సి. తో పుట్టి, 2000 సంవత్సరంలో పాత మినీ ఆగేదాకా నడిచింది.

పార్కు పక్కన టీ తాగుతుండగా మా అబ్బాయి తన బాణం తీశాడు. "ఆస్టిన్ వాళ్ళ ఇంజను మోరిస్ వాళ్ళ కారులోకి ఎలా వచ్చింది? మార్చి పెట్టిందే గదా! మరి నేను మారిస్తే తప్పేమిటి?"

వాడి మాటలో న్యాయం వుంది. అలెక్ ఇసిగోనిస్ ఈ కారును గీసినప్పుడు నాలుగు సిలిండర్లూ అడ్డంగా పడుకుని వుండే ఫ్లాట్-ఫోర్ ఇంజను కోసం గీశాడు. బానెట్టు కింద అంత విశాలమైన స్థలం వుండటానికి కారణం అదే. ఆ ఇంజను రానేలేదు. 1948 లో కారు బజారుకు వచ్చేసరికి పాత మోరిస్ ఎయిట్‌లోని 918 సి.సి. సైడ్ వాల్వు ఇంజనే పెట్టారు. 1952 లో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు కలిసి బి.ఎమ్.సి. అయ్యాయి. దాంతో ఆస్టిన్ ఇంజను మోరిస్ ఇంట కాలు పెట్టింది. మొదట 803, 1956 లో 948, 1962 లో 1098. మాది ఈ చివరిది, 48 గుర్రాల బలం. అంటే రాని పెళ్ళికొడుకు కోసం వేసిన పందిట్లో వేరే పెళ్ళి జరిగినట్టు, ఈ కారులో అసలైనది అనదగ్గ ఇంజనే లేదు.

అయితే ఇంజను మారినప్పుడల్లా కంపెనీ మిగతావీ మార్చింది. 1098 పెట్టినప్పుడు వెనక ఇరుసు నిష్పత్తి 4.55 నుంచి 4.22 కు తగ్గించారు, ముందు బ్రేకు డ్రమ్ములు ఎనిమిది అంగుళాలకు పెంచారు. జీటెక్ పెట్టాలంటే అదంతా మనమే చేసుకోవాలి. రెట్టింపు దాటిన శక్తికి ముందు డిస్కు బ్రేకులు కావాలి, ఇరుసు తట్టుకోదు, రేడియేటరు చాలదు, ఇంజను పట్టీలు కొత్తగా వెల్డింగు చేయాలి, ఇంజెక్షను కోసం పెట్రోలు పంపూ, వైర్లూ మార్చాలి. పాత ఇంజను కారుచౌకగా దొరుకుతుంది నిజమే, దానివెంట దిగే పెళ్ళివారి ఖర్చే ఇల్లు గుల్ల చేస్తుంది.

చట్టం గొడవ కూడా వుంది. నలభై ఏళ్ళు దాటిన కారుకు 2018 మే నుంచి ఎమ్.ఓ.టి. పరీక్ష తప్పనిసరి కాదు, కాని కారులో గణనీయమైన మార్పు చేయకుండా వుండాలి. అదే జాతి ఇంజనులో వేరే సి.సి. పెట్టుకుంటే అది గణనీయమైన మార్పు కాదని అప్పుడిచ్చిన మార్గసూచికలు చెప్పాయి. జీటెక్ ఆ లెక్కలోకి రాదు. మేమెలాగూ ఏటా పరీక్ష చేయిస్తూనే వున్నాము గాని, కారు పాతదన్న గుర్తింపుకే ఎసరు రావచ్చునన్నది వేరే సంగతి. ఏ ఇంజను మార్చినా డి.వి.ఎల్.ఏ. కు రాసి పత్రంలో దిద్దించుకోవాలి, సభ్యులు ఈ మాట మరువకూడదు.

"మన దగ్గర మార్చలేదా?" అన్నారు బాబాయి గారు ఉన్నట్టుండి. మార్చారు. మన అంబాసడరు ఇదే కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడో సిరీస్ వారసురాలు. మైనరును కూడా 1950 లలో హిందుస్థాన్ మోటార్సు వాళ్ళు బేబీ హిందుస్థాన్ పేరుతో అమ్మారు. గుంటూరులో ఒక ప్లీడరు గారికి ఆ బండి వుండేదని ఆయనకు జ్ఞాపకం. డీజిలు చౌకగా వున్న రోజుల్లో అంబాసడరు టాక్సీల పెట్రోలు ఇంజన్లు దింపి మాటడోరు డీజిలు ఇంజన్లు పెట్టించుకున్నవారు మన వైపు వున్నారు. కంపెనీయే 1990 లలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజను తెచ్చిపెట్టి, 2014 లో ఉత్తర్‌పారాలో ఆగిపోయేదాకా బండి నడిపింది. టాక్సీ అతనికి రోజుకు ఎంత మిగులుతుందన్నదే లెక్క గనుక అతను చేసినది సబబే. ఇంకొక చమత్కారం. అంబాసడరు 1489 సి.సి. ఇంజనూ, 1955 లో వచ్చిన ఎమ్.జి.ఏ. స్పోర్ట్సు కారు ఇంజనూ ఒక కుటుంబమే, సి.సి. కూడా అదే. రెండు కార్బ్యురేటర్లు, బాగా ఊపిరి పీల్చే హెడ్డు ఇచ్చేసరికి ఒకటి పరుగుపందేల గుర్రం, రెండోది పెళ్ళివారి బండి. ట్యూనింగుకు ఎంత బలం వుందో ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆల్వ్‌చర్చ్, రెడ్డిచ్, స్టడ్లీ, ఆల్సెస్టర్ మీదుగా స్ట్రాట్‌ఫర్డు చేరాము. షేక్‌స్పియరు గారి ఊరి గురించి ఈ పత్రికలోనే చాలాసార్లు వచ్చింది. మేము ఏవన్ నది ఒడ్డున పులిహోర తిని కదిలాము.

అసలు పరీక్ష ఎటింగ్‌టన్ దాటిన తరువాత. ఎదురుగా ఎడ్జ్‌హిల్ కొండ గోడలా నిలబడుతుంది. 1642 అక్టోబరు 23 న చార్లెస్ రాజు సేనలూ పార్లమెంటు సేనలూ మొదటి పెద్ద యుద్ధం చేసుకున్నది ఈ కొండ కిందనే. దానిమీదికి ఎక్కే దారి పేరు సన్‌రైజింగ్ హిల్. ఏటవాలు గట్టిది, మధ్యలో పదునైన మలుపు. నలుగురు మనుషులం, వెనక ఒక కొత్త కారు మా పెట్టె వాసన చూస్తున్నంత దగ్గరగా వస్తోంది. మూడో గేరులో మొదలుపెట్టాము. మలుపు దగ్గర రెండో గేరు వేయక తప్పలేదు. 1098 ఇంజనుకు పిస్టను ప్రయాణం పొడుగు, తక్కువ చుట్లలోనే లాగుతుంది. మిస్సింగు లేదు, దడ లేదు. మైనరుకు వేడి చూపించే గేజి లేదు, ముక్కే సాధనం. నలుగురం ఊపిరి పీల్చి చూసుకున్నాము. ఏమీ లేదు. పైన అప్టన్ హౌస్ చెట్లు కనబడగానే బాబాయి గారు "రెండో గేరులో ఎక్కిందంటే 1972 లో ఎక్కినట్టే ఎక్కింది" అన్నారు. అప్పుడు వెనక సీట్లో ముగ్గురు పిల్లలుండేవారట.

బాన్‌బరీ, డెడింగ్‌టన్, కిడ్లింగ్‌టన్. తేనెరంగు రాతి ఇళ్ళు, ఇరుపక్కలా పచ్చటి చేలు. నలభై అయిదు మైళ్ళ వేగంలో ఈ కారు కంటే సుఖమైనది లేదని మా నమ్మకం.

కౌలీలో బాబాయి గారికి ఆశాభంగం అవుతుందని మేము ముందే బెంగపెట్టుకున్నాము. విలియం మోరిస్ 1913 లో కార్లు మొదలుపెట్టిన ఫ్యాక్టరీని 1990 లలో పడగొట్టేశారు. ఆ నేలమీద ఇప్పుడు ఆఫీసు భవనాలున్నాయి. ఈనాటి బి.ఎమ్.డబ్ల్యు. వారి మినీ తయారయ్యేది అక్కడికి దగ్గరలో, ఒకప్పుడు ప్రెస్డ్ స్టీల్ కంపెనీది అయిన స్థలంలో. పదహారు లక్షలకు పైగా మైనర్లను ఇచ్చిన పేరు ఇప్పుడు వీధి పలకల మీద వెతుక్కోవాలి. బాబాయి గారు కారు దిగి, చేతికర్ర ఆనించి, అద్దాల భవనాలను చాలాసేపు చూశారు. తరువాత బానెట్టు మధ్యనున్న నాలుగంగుళాల పట్టీని వేలితో చూపించి, "ఇది ఎందుకొచ్చిందో తెలుసా?" అని అబ్బాయినడిగారు. వాడికి తెలియదు. కారు మరీ ఇరుకుగా వుందని తోచి, ఇసిగోనిస్ తయారీకి కొంచెం ముందు నమూనాను నిలువునా రెండుగా కోయించి, నాలుగంగుళాలు ఎడం చేసి చూశాడు. ఆ కోత గుర్తే ఈ పట్టీ. ఇంజన్లను గురించి అంత తెలిసిన మా అబ్బాయి ఆ పట్టీ మీద చెయ్యి వేసి చూడటం ఆ రోజే మొదలు.

తిరుగు ప్రయాణంలో పొద్దుపోయింది గనుక ఎమ్-40 మోటార్‌వే ఎక్కాము. అక్కడ వాడిదే పైచేయి. అరవై మైళ్ళ వేగానికి ఇంజను నిమిషానికి దాదాపు నాలుగు వేల చుట్లు తిరగాలి. లోపల మాటలు వినబడవు. లారీలు ఈడ్చుకుంటూ దాటిపోతాయి. పొడుగు ప్రయాణపు పిస్టన్లు, సన్నటి మెయిన్ బేరింగులు వున్న 1098 ను ఆ వేగంలో గంటలకొద్దీ తరమడం మంచిది కాదు. ఏ ట్యూనింగూ దాన్ని మార్చలేదు. ఇరుసు నిష్పత్తి 3.9 కి మారిస్తే చుట్లు మూడు వేల ఆరు వందల దాపుకు దిగుతాయని వాడు వెనక సీట్లో లెక్కగట్టాడు. "మరి సన్‌రైజింగ్ హిల్ ఎలా ఎక్కుతుందిరా?" అన్నారు బాబాయి గారు. వాడు కాసేపు ఆలోచించి, "దానికి 1275 కావాలి" అన్నాడు. 1275 అంటే మోరిస్ మెరీనాలోనూ, ఎమ్.జి. మిడ్జెట్‌లోనూ పెట్టిన ఇంజను, ఇదే ఏ-సిరీస్ కుటుంబం, మైనరులో పెద్ద కోతలూ వెల్డింగులూ లేకుండా కూర్చుంటుంది. ముందు డిస్కు బ్రేకులు వేయాలి, అంతే.

ఆ మాటతో తగువు చాలామట్టుకు తెగిపోయింది. రోజూ మోటార్‌వే మీద పనికి పోయేవాడు 1275 పెట్టుకోవడమే తెలివి. జీటెక్ కావలసినవాడు జీటెక్ వున్న కారే కొనుక్కుంటే డబ్బు మిగులుతుంది. నెలకు రెండు ఆదివారాలు బయటికి తీసే మాబోటివాళ్ళకు సరిగ్గా ట్యూను చేసిన 1098 చాలు. మళ్ళీ కంప్రెషను పడిపోయి రీబోరు దాకా వస్తే, అప్పుడు ఆ ఖర్చుతో 1275 చూడవచ్చునని ముగ్గురం ఒప్పుకున్నాము. జీటెక్ కోసం అబ్బాయి గీసిన కొలతల కాగితాలు మాత్రం ఇంకా గరాజు గోడకే వున్నాయి.

వెళ్ళిరావడానికి నూట నలభై మైళ్ళకు పదిహేడు లీటర్ల పెట్రోలు పట్టింది, అంటే గాలనుకు 37 మైళ్ళు. ఆయిలు చుక్క దిగలేదు. వచ్చే నెల గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం చూద్దామని బాబాయి గారు అప్పుడే చెప్పి వుంచారు. ఆ లోపల వెనక చక్రాల డ్రమ్ములు విప్పి చూడాలి, ఎడమవైపు కొంచెం పట్టేస్తోంది.